నిధియు వీరమరణమును

మహాకావ్యములను శ్రద్ధతో చదువువారికి ఒక సంగతి మరల మరల ఎదురగుచుండును. వీరుడు సింహమునకు వెఱవడు, సేనలకు వెఱవడు; కాని తాను గెలిచి తెచ్చుకొన్న సొమ్ము వానిని విడువదు. వాని మరణమునకు కారణము వెదకుచు పోయినయెడల త్రోవ చివర ఒక బంగారు ప్రోవు కనబడును. ఉత్తర ఐరోపాఖండమున మన పేరైన నెఱుగని జనులు కట్టుకొన్న గాథలయందు ఇది కలదు. మన భారతమునందును ఇది కలదు. ఒకరిని చూచి యొకరు వ్రాసికొన్నారని చెప్పుటకు వీలు లేదు. వేఱువేఱు దేశముల కవులు వేఱువేఱు కాలములయందు ఒక్కమాటే చెప్పుచున్నారనిన, అది కల్పన యని త్రోసివేయరాదు. మనుష్యహృదయమును గూర్చిన సాక్ష్యమని గ్రహింపవలెను.

అయితే ఆ సాక్ష్యము దేనిని స్థాపించుచున్నది? ధనమే వీరుని చంపునా? లేక ధనలోభము చంపునా? లోభమే చంపునేని లోభము లేని వీరుడేల చచ్చెను? మొదటి ప్రశ్నకు బడిపిల్లలును జవాబు చెప్పగలరు. ధనము జడపదార్థము, దానికి చంపు శక్తి లేదు, లోభమే చంపునని వారందురు. మూడవ ప్రశ్నయందే చిక్కున్నది. సాక్షులను విచారింపక తీర్పు చెప్పుట న్యాయవాదులకు తగదు గనుక, ముందుగా కావ్యముల నొక్కొక్కటిగా పిలిచి వాని వాఙ్మూలములను విందము.

మొదటి సాక్షి ఐస్లాండు ద్వీపమువాడు. ఆ దేశమున 13వ శతాబ్దమున గద్యముగా వ్రాయబడిన వోల్సుంగ వంశచరిత్రయందు నిధియొక్క పుట్టుక యిట్లు చెప్పబడినది. ఓడిన్, లోకి, హోనిర్ అను మువ్వురు దేవతలు ఏటియొడ్డున నడచుచుండగా ఒక నీటికుక్క చేపను తినుచు కనబడెను. లోకి రాయి విసరి దానిని చంపెను. అది వట్టి జంతువు కాదు. హ్రైడ్మార్ అనువాని కుమారుడు ఆ రూపమున చేపలు పట్టుచుండెను. ఆ రాత్రియే దేవతలు ఆ తోలుతో హ్రైడ్మార్ ఇంటికే అతిథులుగా పోయి పట్టువడిరి. కుమారుని ప్రాణమునకు బదులుగా, ఆ తోలును బంగారముతో నింపి, వెలుపలను వెండ్రుక కానరాకుండ బంగారముతో కప్పవలెనని తండ్రి తీర్పు చెప్పెను. లోకి పోయి, చేపరూపముతో నీటిలో తిరుగుచున్న ఆండ్వరి యను మరుగుజ్జును వలలో పట్టి, వాని బంగార మంతయు లాగికొనెను. తుదకు వాడు దాచుకొన్న ఒక్క ఉంగరమునైనను విడువడయ్యెను. ఈ సొమ్ము ఎవరిచేతి కెక్కిన వారికి చావు తప్పదని మరుగుజ్జు శపించెను. బంగారమును తోలుపై కప్పిన పిమ్మట తండ్రి వంగి పరిశీలించి, ఒక్క మీసపు వెండ్రుక కనబడుచున్నదని చెప్పెను. ఆ వెండ్రుకను కప్పుటకు ఓడిన్ ఆ యుంగరమును కూడ ఈయవలసివచ్చెను.

చదువరులారా, ఈ చోట కొంచెము నిలువవలెను. శాపము మాట అటుంచుడు. చచ్చిన కుమారునికై ఏడ్వవలసిన తండ్రి, వాని తోలు ముందఱ మోకరిల్లి, కప్పబడని వెండ్రుకను వెదకుచున్నాడు. శాపము మరుగుజ్జు నోటనుండి వెలువడినదని గాథ చెప్పుచున్నది; అది ఫలించుటకు మొదలిడినది మాత్రము ఈ తండ్రి చూపులోనే. రక్తబంధము ఎప్పుడు లెక్కకు దిగినదో, అప్పుడే ఆ యింట మరణము కాలు పెట్టినది. తరువాతి కథ దీని కనుబంధమే. మిగిలిన కుమారులలో ఫాఫ్నిర్ అనువాడు బంగారముకొఱకు ఆ తండ్రినే చంపెను. తమ్ముడగు రెగిన్‌నకు పాలు లేదనెను. ఎవ్వరును రాని చోటికి సొమ్ము చేర్చుకొని, దానిపై పండుకొని, క్రమముగా మహాసర్పమయ్యెను. మన పల్లెలయందును లంకెబిందెలను నాగుబాము కాచుచుండునని పెద్దమ్మలు చెప్పుదురు. దీనిలోని భావము స్పష్టము. పాము బంగారమును తినలేదు, కట్టుకొనలేదు, దానము చేయలేదు. కాచుట యొక్కటే దానికి తెలియును. అనుభవింపకయు ఇయ్యకయు కాచుటయే బ్రదుకుగా చేసికొన్నవాడు మనుష్యరూపమున నున్నను సర్పమే.

తమ్ముడు సిగుర్డు అను రాజకుమారుని పెంచి, వానికి కత్తి చేసి యిచ్చి, అన్నపై పంపెను. సిగుర్డు గోతిలో పొంచియుండి సర్పమును క్రిందినుండి పొడిచెను. చచ్చుచున్న సర్పము, ఈ బంగారము నీకును చావు తెచ్చునని హెచ్చరించెను. తన దినము వచ్చువఱకు ప్రతివాడును సొమ్ము కోరునని, చావు అందఱకును ఉన్నదేయని సిగుర్డు బదులు పలికెను. ఇది చెవికి ఎంత న్యాయముగా నున్నది! మన మందఱమును పలుకుమాట ఇదియే. సిగుర్డు లోభి కాడు. అతడు సర్పమువలె సొమ్ముపై పండుకొనలేదు. అయినను, లోకమంతయు కోరునది నేనును కోరెదనను తేలికమాటతో, తండ్రీకొడుకుల నెత్తురు అంటిన సొమ్మును గుఱ్ఱముపై కెత్తుకొనిపోయెను. అది ఏ త్రోవను వచ్చినదని అడుగలేదు. తరువాత అతని బావమఱదులు, బ్రిన్‌హిల్డు అను రాణి ప్రేరణచేతను, అతని సొమ్మునకు తామే ప్రభువులమగుదు మనెడి యాసచేతను, అతనిని నిద్రలో చంపించిరి. ఇందొక విశేషము కలదు. పెద్దవారిరువురును అతనితో సహోదరత్వమునకు ప్రమాణము చేసియుండిరి. ప్రమాణభంగము పాపమని తలచి, ప్రమాణము చేయని చిన్న తమ్మునిచేత ఆ పని చేయించిరి! మాటకు కట్టుబడితిమని వారు తృప్తిపడిరి గాబోలును. శాసనములోని అక్షరమును కాపాడుచు ధర్మమును చంపువిద్య ఎంత ప్రాచీనమైనదో చూడుడు.

రెండవ సాక్షి జర్మనీదేశమువాడు. సుమారు 1200వ సంవత్సరమున డాన్యూబు నదీప్రాంతమున పేరు తెలియని కవి యొకడు, ఈ కథనే వేఱుగా చెప్పి, 39 ఘట్టములుగా నిబెలుంగుల కావ్యమును రచించెను. దీని ముఖ్యమైన వ్రాతప్రతులు మూటిని 2009వ సంవత్సరమున యునెస్కోవారు ప్రపంచస్మృతి పట్టికయందు చేర్చిరి. ఇందు సీగ్‌ఫ్రీడ్ అను వీరునికి నిధి దొరకిన విధము న్యాయవాదులు ప్రత్యేకముగా చదువదగినది. నిబెలుంగ్, షిల్బుంగ్ అను అన్నదమ్ములు తండ్రి విడిచిన నిధిని పంచుకొనలేక, దారిని పోవుచున్న సీగ్‌ఫ్రీడును మధ్యవర్తిగా పిలిచి, పంచిపెట్టినందులకు ప్రతిఫలముగా బాల్ముంగ్ అను కత్తిని ముందుగానే యిచ్చిరి. ఎట్లు పంచినను వారికి తృప్తి కలుగలేదు. తగవు పెరిగినది. మధ్యవర్తి తాను పుచ్చుకొన్న కత్తితోనే కక్షిదారుల నిరువురను చంపి నిధినంతయు స్వాధీనము చేసికొనెను.

దీనిని మొదట చదివినపుడు నేను నవ్వుకొంటిని. తరువాత నవ్వు రాలేదు. నా వృత్తిలో చూచిన ఒక వ్యవహారము జ్ఞప్తికి వచ్చినది. ఇద్దఱన్నదమ్ములు; వారి తాత పెరటిలో ఇత్తడిబిందెతో కాసులు పాతిపెట్టినాడని ఒక ప్రవాదము. చూచినవారెవరును లేరు. ఆ కనబడని బిందెకై భాగపరిష్కారపు దావా పుట్టి, ఒక న్యాయస్థానమునుండి మఱియొక న్యాయస్థానమునకు ఎక్కుచు పదునాలుగేండ్లు నడచెను. ఈలోగా పెరడంతయు త్రవ్విరి; గోతులలో నీరు నిలిచి వానకాలమున వంటయింటి గోడ కూలెను. తీర్పు రాకముందే అన్న చనిపోయెను. తమ్ముడు పాడె మోయుటకు రాలేదు. బిందె దొరకలేదు. వారిలో నొకనికి న్యాయవాదిగా నాకు ముట్టవలసిన ఫీజు మాత్రము వాయిదాతప్పక ముట్టినది. రాజీపడుడని నేనొకసారి చెప్పితిని, గట్టిగా చెప్పలేదు. రెండవసారి చెప్పనే లేదు. సీగ్‌ఫ్రీడ్ పుచ్చుకొన్న కత్తిని తలచినపుడెల్ల నాకు ఆ ఫీజు జ్ఞప్తికి వచ్చును. కావ్యములు పరులను దూఱుటకు కాక, మనలను మనము చూచికొనుటకు ఉపయోగించుననుటకు ఇది నాకు దొరకిన నిదర్శనము.

సీగ్‌ఫ్రీడ్ పిమ్మట బర్గండీరాజు చెల్లెలగు క్రీమ్‌హిల్డును పెండ్లాడి నిధిని ఆమెకు కానుకగా నిచ్చెను. వివాహము మఱునాటి యుదయమున భర్త భార్యకు సొంతముగా నిచ్చు కానుకకు ఆ దేశాచారమున ప్రత్యేకమైన పేరు కలదు. మన ధర్మశాస్త్రములు చెప్పు స్త్రీధనమువంటి దది. తరువాత రాజుయొక్క సామంతుడగు హాగెన్, వేటలో ఊటనీరు త్రాగుటకు వంగిన సీగ్‌ఫ్రీడును వెనుకనుండి బల్లెముతో పొడిచి చంపెను. విధవరాలైన క్రీమ్‌హిల్డు నిధిని వోర్మ్స్ నగరమునకు తెప్పించెను. పండ్రెండు బండ్లు నాలుగు పగళ్లును రాత్రులును, దినమునకు మూడుమాఱులు తిరిగి దానిని మోసెనని కవి చెప్పుచున్నాడు. ఆమె దానిని ధనికులకును దరిద్రులకును పంచిపెట్ట మొదలిడెను. కావ్యమంతటిలో ఆ నిధి యొకరి యాకలి తీర్చినది ఈ కొలది దినములు మాత్రమే. హాగెన్ దానిని సహింపలేకపోయెను. ఇంత ఇచ్చు విధవరాలికి ఇంతమంది ఆప్తులు పెరిగిన తమకు ముప్పని తలచి, తాళపుచెవులు లాగికొని, నిధినంతయు రైను నదిలో ముంచివేసెను. అన్నలు ఊరక చూచిరి. ఊరు విడిచి పోయి, పని ముగిసిన పిమ్మట తిరిగివచ్చిరి.

ఇట్లు విధవరాలి సొత్తును ఆమె పుట్టినింటివారే నీటిపాలు చేసిరి. తరువాతి ఘోరమంతయు దీనినుండి మొలచినది. ఆమె హూణరాజగు ఎట్జెలును పెండ్లాడి, యేండ్లు గడచిన పిమ్మట అన్నలను విందునకు పిలిపించెను. విందు యుద్ధమై వేలకొలది వీరులు మడిసిరి. తుదకు హాగెన్ బందీగా ఆమె ముందఱ నిలిచెను. తన ప్రభువులలో నొక్కడు బ్రదికియున్నంతవఱకు నిధి జాడ చెప్పనని వాడనెను. ఆమె తన తోడబుట్టిన గుంతర్ తల నఱికించి తెచ్చి చూపెను. ఇక ఆ రహస్యము దేవునికిని తనకును తప్ప తెలియదని హాగెన్ నవ్వెను. ఆమె భర్త కత్తితోనే వాని తల నఱికెను. అది చూచి సహింపలేక హిల్డెబ్రాండ్ అను వృద్ధవీరుడు ఆమెను చంపెను. నిధి రైను నదిలోనే యున్నది.

క్రీమ్‌హిల్డు కోరినది బంగారమా, భర్తను చంపినవారిపై న్యాయమా యని పండితులు చాలకాలము వాదించిరి. నాకు తోచినంతలో ఆ రెండును ఆమె మనస్సులో వేఱుగా నిలువలేకపోయినవి. భర్త పోయెను, భర్త యిచ్చినది పోయెను, అడుగుటకు చోటు లేదు, వినుటకు న్యాయస్థానము లేదు. న్యాయము దొరకని చోట న్యాయమైన కోరికయు విషమగును. ఈ మాట మన దేశమునకు దూరమైనది కాదు. హిందూ విధవరాలికి భర్త ఆస్తిలో పాలు కలుగజేసిన శాసనము 1937లో వచ్చినది. అదియు పరిమితమైన హక్కే. ఆమెకు దక్కిన ఆస్తి సంపూర్ణముగా ఆమెదేయని చెప్పుటకు 1956వఱకు పట్టినది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1985లోను, దేశమంతటికిని పార్లమెంటు 2005లోను కలుగజేసెను. శాసనములు వచ్చినవి. అయినను పుట్టినింటి పసుపుకుంకుమలకు ఎడబాటు వచ్చునని వెఱచి, తమ పాలు వదలుకొన్నట్లు చేవ్రాళ్లు చేయు అక్కచెల్లెండ్రు మన యిండ్లలో నింకను లేరా? తాళపుచెవులు లాగికొనుటకు హాగెన్ అక్కఱలేదు; ఊరక చూచుటకు అన్నలుండిన చాలును.

ఇక మూడవ సాక్షి. ఇతడే మన చిక్కుప్రశ్నకు మూలము. ఆంగ్లభాషయొక్క ప్రాచీనరూపమున 3182 పంక్తులుగల బేవుల్ఫ్ కావ్యము ఒక్క వ్రాతప్రతియందే మిగిలినది. అది సుమారు 1000వ సంవత్సరపుది. 1731లో అగ్నిప్రమాదమున అంచులు కాలి, నేడు బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగా నున్నది. బేవుల్ఫ్ యౌవనమున రాక్షసుని, వాని తల్లిని చంపి కీర్తి గడించెను. వార్ధకమున ఏబదేండ్లు ప్రజలను చక్కగా పాలించిన రాజు. వానియందు లోభ మేమియు కవి చూపలేదు. అట్టివాడు నిధి ముందఱ ఏల చావవలెను?

కథ యిట్లున్నది. ఒక వంశమంతయు నశింపగా మిగిలిన ఒక్కడు, తమ పాత్రలను తోమువారును కవచములను తొడుగువారును ఇక లేరని విలపించి, సొత్తునంతయు భూమి కప్పగించెను. మహాసర్ప మొకటి మూడువందలయేండ్లు దానిని కాచెను. యజమానుని దెబ్బలకు వెఱచి పాఱిపోయిన ఒక సేవకుడు గుహలో దూఱి ఒక పాత్రను దొంగిలించి, దానిని యజమానుని కిచ్చి క్షమాపణము సంపాదించుకొనెను. సర్పము మేలుకొని గ్రామములను, రాజుగారి సభామందిరమును కాల్చెను. వృద్ధుడగు రాజు పండ్రెండుగురతో పోయి, వారిని దూరముగ నిలిపి, ఒంటరిగా సర్పము నెదుర్కొనెను. కత్తి విఱిగెను. సహచరులు అడవిలోనికి పాఱిపోయిరి. విగ్లాఫ్ అను యువకు డొక్కడు నిలిచి సర్పమును పొడిచెను. రాజు చురకత్తితో దానిని ముగించెను గాని, విషము శరీరమున కెక్కెను. చచ్చుచు అతడు నిధిని చూపుమని కోరెను. తన ముసలిప్రాణమును వెలగా నిచ్చి ప్రజలకు ఇంత సొమ్ము సంపాదించితినని దేవునికి వందన మొనర్చి ప్రాణము విడిచెను.

ప్రజలేమి చేసిరి? ఆ నిధిని వాడుకొనలేదు. రాజుయొక్క దహనభస్మముతోకూడ సముద్రతీరమున దిబ్బ కట్టి, బంగారమునంతయు అందులోనే పెట్టిరి. మునుపెంత నిరుపయోగమో ఇకమీదట నంతే నిరుపయోగముగా అది మంటిలో కలిసినదని కవి కఠినముగా చెప్పుచున్నాడు. రాజు లేని దేశముపై పొరుగువారు పడుదురనియు, యుద్ధములును చెఱలును రానున్నవనియు దూత యప్పుడే ప్రకటించెను.

ఇందు లోభ మెవరిది? మొదట యజమానునిది. దొంగసొమ్మని యెఱిగియో యెఱుగకయో, ఒక పాత్రకు బదులుగా దయను అమ్మినవా డతడు. భయము సేవకునిది. సర్పపు కోపము ఊరందఱిపై పడినది. ప్రాణము రాజుది పోయినది. ఒకని చిన్న యాస ఊరిలో నొక మూల పుట్టి, దానితో సంబంధము లేని శ్రేష్ఠుని ప్రాణమునకు ముగియుట కవి చూపిన మొదటి సత్యము. సంఘమనగా నిదియే. పాపము చేసినవాడు పేరు లేకయే కథనుండి తప్పుకొనును. వెల చెల్లించువానికి కావ్యము కట్టుదురు.

రెండవ సత్యము ఇంతకంటె లోతైనది. రాజు సర్పము నెదుర్కొనుట ధర్మమే. ప్రజల యిండ్లు కాలుచున్నవి. దానిని తప్పనుటకు నాకు నోరు రాదు. కాని నిధిని చూచి తృప్తి చెందుటలో అతడొక లెక్క తప్పెను. ప్రజలకు కావలసినది బంగారము కాదు, అతడే. ఏబదేండ్లు శత్రువులు సరిహద్దు దాటకుండుటకు కారణము అతని బొక్కసము కాదు, అతని యునికి. అతడు ఎక్కువ వెలగలదానిని ఇచ్చి తక్కువ వెలగలదానిని కొని, లాభమని సంతసించెను. ప్రజలకు ఆ లెక్క తెలిసినది. కనుకనే సొమ్మును ముట్టక మంటిలో పెట్టిరి.

ఇచ్చట మన ప్రశ్నకు జవాబు చిక్కుచున్నది. లోభమనగా సొమ్మును మిక్కిలి కోరుట మాత్రమే యని మనము తలచుచుంటిమి. కావ్యములు చెప్పునది వేఱు. లోభమునకు మూలము వెల కట్టుటలోని పొరపాటు. ప్రాణమును, బంధుత్వమును, మాటను, న్యాయమును సొమ్ముతో తూచి, సొమ్మే బరువని తలచుట. హ్రైడ్మార్ కుమారుని తూచెను. సీగ్‌ఫ్రీడ్ కక్షిదారుల నమ్మకమును తూచెను. బావమఱదులు ప్రమాణమును తూచిరి. వీరందఱును స్వార్థముతో తప్పు తూచినవారు. బేవుల్ఫ్ పరార్థముగా తూచియు తప్పెను. నా బిడ్డలకొఱకు, నా వారికొఱకు అని రాత్రింబవళ్లు గడించి, ఆ బిడ్డలకు తండ్రియే లేకుండ చేయువారు లోభులు కారని లోకము మెచ్చుకొనును. వారి మరణమును కవి వేయియేండ్ల క్రిందటనే చెప్పియున్నాడు.

నాలుగవ సాక్షి మన యింటివాడే. భారతయుద్ధమునకు భూమి కారణమని చెప్పుదుము. మూలము సభాపర్వమున నున్నది. రాజసూయమున రాజులు తెచ్చిన కానుకలను పుచ్చుకొను పని దుర్యోధనునికే యొప్పగింపబడెను. తనవి కాని రత్నములు తన చేతులమీదుగా పోవుచుండగా చూచుట అతని గుండెను కాల్చెను. ఇంటికి పోయి, నిప్పులో పడియైన, విషము త్రాగియైన చచ్చెదనని మేనమామతో చెప్పుకొనెను. అతనికి దరిద్రము లేదు, హస్తినాపుర మతనిదే. ఇతరునికి ఉన్నదనుటయే అతని లేమి. అక్కడనుండి జూదము, జూదమునుండి సభలో నొక స్త్రీకి ఘోరావమానము, అందుండి పదునెనిమిది దినములలో పదునెనిమిది యక్షౌహిణుల నాశము.

అయితే ఈ భాగమున నన్ను మిక్కిలి కలతపెట్టువాడు దుర్యోధనుడు కాడు, భీష్ముడు. యుద్ధారంభమున ధర్మరాజు కవచము విడిచి, నడచిపోయి, తాత పాదములకు మ్రొక్కెను. అప్పుడు తాను ధనముచేత కౌరవులకు కట్టువడితినని ఆ మహాపురుషుడు ఒప్పుకొనెను. ద్రోణుడును, కృపుడును, శల్యుడును అదే కారణము చెప్పిరి. ఏది ధర్మమో వారెఱుగుదురు. ఎవరు గెలువవలెనో వారెఱుగుదురు. అయినను తిన్న యన్నము వారిని కదలనీయలేదు. బేవుల్ఫ్ సహచరులను వీరితో పోల్చి చూడుడు. ఉంగరములును కవచములును పుచ్చుకొన్న పదుగురు ఆపద్దినమున పాఱిపోయిరి. భీష్మద్రోణులు అధర్మపక్షమున నిలిచి మడిసిరి. సొమ్ముతో మనుష్యుని కొనినయెడల చేతికి వచ్చునది ఈ రెంటిలో నొకటియే. అల్పుడైనయెడల వాని ధైర్యము రాదు. గొప్పవాడైనయెడల వాని మనస్సాక్షి చచ్చును.

ధనము నింద్యమని నేను చెప్పలేదు. ఆకలి కూడ వీరులను చంపును. దరిద్రమును పొగడువారు తఱుచుగా దానిని చవిచూడనివారు. మన పెద్దలు అర్థమును పురుషార్థములలో చేర్చుట వివేకమే. నిధి దొరకినయెడల ఎవరికి చెందవలెనో శాసనములును నిర్ణయించినవి. మనుస్మృతి ప్రాచీననిధులలో సగము రాజునకు చెప్పినది. విద్వాంసుడగు బ్రాహ్మణునికి దొరకినచో అంతయు అతనిదే యనుట పంచువారు తమ పాలు మఱచిపోలేదనుటకు నిదర్శనము. 1878 నాటి నిధుల చట్టము, పది రూపాయలకు మించిన నిధి దొరకినయెడల కలెక్టరునకు తెలుపవలెననియు, సొంతదారు తేలనప్పుడు, వేఱు ఒడంబడిక లేనిచో, కనుగొన్నవానికి ముప్పాతికయు భూమి గలవానికి పాతికయు ననియు ఏర్పఱచినది. ఇవి కావలసినవే. కాని శాసనము అడుగునది ఒక్క ప్రశ్న: సొమ్ము ఎవరిది? కావ్యము అడుగునది వేఱొకటి: సొమ్ము దేనికి? మొదటి ప్రశ్నకై మనము తరతరములు న్యాయస్థానముల మెట్లు అరుగదీసితిమి. రెండవదానిని ఇంటిలో నైన నడిగితిమా? పెండ్లిచూపులలో కాసులు లెక్కించునపుడు, 1961 నాటి వరకట్ననిషేధశాసనము పుస్తకములో నుండగానే బేరము కుదుర్చుకొనునపుడు, కోడలి మెడలోని తులములు చాలలేదని మూతి ముడుచునపుడు, తోలుపై మిగిలిన మీసపు వెండ్రుకను వెదకు తండ్రికిని మనకును భేదమేమి? ఈ కాలమున నిధికొఱకు చచ్చువారు కత్తి పట్టిన వీరులు కారు. పసుపు ఆఱని పాదములతో అత్తవారింట కాలు పెట్టిన యాడుబిడ్డలు.

భారతకవి కథను అశ్వమేధపర్వమువఱకు నడిపి మన కొక ఊరట చూపినాడు. యుద్ధానంతరము బొక్కసము వట్టిపోయెను. వ్యాసుని మాటపై పాండవులు హిమవత్పర్వతమునకు పోయి, మరుత్తుడను పూర్వరాజు యజ్ఞమున మిగిలిన బంగారమును త్రవ్వి తెచ్చి అశ్వమేధము చేసిరి. దానములు కురిసెను, అందఱును పొగడిరి. అప్పుడు సగము దేహము బంగారుగా నున్న ఒక ముంగిస వచ్చి, ఈ యజ్ఞము కురుక్షేత్రమునందలి యొక పేదవాని పేలపిండికి సరిరాదని చెప్పెను. కఱవుకాలమున, రాలిన గింజలేఱుకొని బ్రదుకు ఒక యింటిలో, తండ్రియు తల్లియు కొడుకును కోడలును తమతమ పాళ్లను ఒక్కొక్కరుగా అతిథికి పెట్టిరట. ఆ పిండి రాలిన చోట పొరలిన ముంగిసకు సగము శరీరము బంగారమయ్యెను. మిగిలిన సగమునకై అది యజ్ఞము వెంట యజ్ఞము తిరుగుచున్నది. ధర్మరాజు శాలలోను దానికి ఫలము దక్కలేదు.

ఈ నాలుగు కావ్యములలోను బంగారము మిక్కిలిగా నున్నది. నదిలో నొకటి, మంటిలో నొకటి. ప్రతిదాని అడుగునను వీరుల యెముకలు. ఎవరి నెత్తురును అంటని బంగారము ఆ ముంగిస వీపుపై నున్నది మాత్రమే. దానిని ఎవరును గెలువలేదు, ఎవరును దాచలేదు. దాని పుట్టుకకు కారణమైనవారు అది బంగారమగునని యెఱుగనైన నెఱుగరు. తమ యాకలికంటె ఎదుటివాని యాకలి బరువని తూచిరి, అంతే. ముంగిసకు మిగిలిన సగము ఇంకను బూడిదవన్నెగనే యున్నది. సోదరులారా, అది మన వాకిటికి వచ్చిన నాడు పొరలుటకు చోటు దొరకునా?